చేపలకు మూడున్నర స్టార్లు, నీళ్లకు సున్నా

చేపల ఎగ్జిబిషన్ గేటు కాడనే మా అవ్వ చేతిలున్న స్టీలు సీసాను ఆపిన్రు. బయటి నీళ్లు లోపలికి తేవద్దట. "పారబోసి ఖాళీ సీసా తీస్కపో అమ్మా" అని సెక్యూరిటీ పిలగాడు మర్యాదగనే చెప్పిండు. అవ్వకు డెబ్బై రెండేండ్లు, షుగరున్నది, గంటకోసారి గొంతు తడవాలె. ఆమె పారబోయలే. అక్కడనే నిలబడి సగం తాగింది, మిగిలిన సగం గేటు పక్కన యాపచెట్టు మొదట్ల పోసింది. "చెట్టన్న తాగనీ" అన్నది. రెండడుగులు లోపలికి వేసినమో లేదో, బల్ల మీద గుట్టగ పేర్చిన ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. లీటరుది ఇరవై రూపాయలు. ఆ బల్ల వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద తాబేలు, తాబేలు నోట్ల కవరు, కింద పెద్ద అక్షరాలతోని "ప్లాస్టిక్ మానుదాం, సముద్రాన్ని కాపాడుదాం."

నేను ఆ ఫ్లెక్సీని ఫోటో తీసుకున్న. మా అవ్వ ఖాళీ సీసా పట్టుకొని దాని ముందట్నే నిలబడ్డది. ఫోటో మంచిగొచ్చింది.

సంగతేందంటే, హన్మకొండల ఎండకాలం సెలవులకు నీళ్లల్ల సొరంగం ఎగ్జిబిషన్ ఒకటి వచ్చింది. సొరంగంల నడుస్తుంటే నెత్తి మీద చేపలు తిరుగుతయి, అదీ స్పెషల్. పేరు రాయను. ఇసొంటోళ్లు ఊరూరు తిరుగుతరు, ఊరికో పేరు పెట్టుకుంటరు, ఇయ్యాల ఇక్కడుంటే వచ్చే నెల ఇంకో జిల్లాల ఉంటరు. మా ఇంట్ల నలుగురం పోయినం: నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే మా చిన్నబిడ్డ, అవ్వ. మనిషికి 100 రూపాయల టికెట్. ఆదివారం సాయంత్రం కాబట్టి లైన్ల ముప్పావు గంట నిలబడ్డం.

నా గురించి ఒక ముక్క చెప్పాలె, లేకుంటే ముందటి లెక్కలు మీకు అర్థం కావు. మాది టెంట్ హౌజ్. ఇరవై ఆరేండ్ల సంది షామియానాలు, కుర్చీలు, డేగిసాలు, గ్లాసులు, పళ్లాలు కిరాయికిచ్చుడే పని. ఎక్కడికి పోయినా నా కండ్లు ముందుగాల తినే కాడికి, తాగే కాడికి పోతయి. ఎంతమంది జనం, ఎన్ని పళ్లాలు, ఎన్ని గ్లాసులు, కడిగేటోళ్లు ఎంతమంది. మా ఆవిడ తిడ్తది గానీ, అలవాటు పోదు.

ముందు చేపల ముచ్చట. సొరంగం బాగున్నది. పొడుగు తక్కువే, నిమ్మలంగ నడిస్తే ఐదారు నిమిషాలు. నీలం లైట్లు, చల్లటి గాలి, బయట నలభై డిగ్రీలల్ల కాగి వచ్చినోళ్లకు అదే సగం సుఖం. అరపైమా అని అమెజాన్ నది చేప ఒకటున్నది, నిలువెత్తు ఉన్నది. అది ఊపిరి కోసం నీళ్ల పైకి వచ్చి గాలి మింగి పోతది. అట్ల పైకి వచ్చినప్పుడల్లా పిలగాండ్లు కేకలు పెట్టిన్రు. మొసలి మూతి తీరు మూతున్న ఎలిగేటర్ గార్, రంగురంగుల కోయి చేపలు, ఎర్ర ప్యారెట్ చేపలు ఉన్నయి. నీళ్లు తేటగ ఉన్నయి, చచ్చిన చేప ఒక్కటి కనపడలే. ఊర్లు తిరిగే అక్వేరియంల ఇది చిన్న విషయం కాదు, అందుకే మూడున్నర.

ఒకటి మాత్రం నవ్వొచ్చింది. "షార్క్" అని బోర్డు పెట్టిన తొట్టి కాడ జనం ఎగబడ్డరు. అవ్వ కండ్లద్దాలు సవరించుకొని చూసి, "ఇది పంగస్ కాదురా?" అన్నది. పంగసే. చిన్నప్పుడు దాన్ని అక్వేరియం దుకాణాల్ల షార్క్ అని అమ్ముతరు, పెద్దగైనంక చేపల మార్కెట్ల కిలోల లెక్కన అమ్ముతరు. అవ్వ ఆ మాట కొంచెం గట్టిగనే అన్నది. పక్కనున్న ఇద్దరు ఫోన్లు కిందికి దించిన్రు.

సొరంగం నడిమిట్ల స్పీకర్ల తెలుగుల ఒక రికార్డు నడుస్తున్నది. సముద్రపు తాబేలుకు నీళ్లల్ల తేలే కవరు జెల్లీ చేప లెక్క కనపడ్తది, అందుకే మింగుతది అని చెప్పిన్రు. నిజమే. మా చిన్నది ఇంటికొచ్చినంక ఫోన్ల వెతికి ఇంకో మాట చెప్పింది: చూపే కాదు, వాసన కూడానట. ప్లాస్టిక్ కొన్నాళ్లు సముద్రంల నానితే దాని మీద నాచు, సూక్ష్మజీవులు పట్టి తిండి వాసన వస్తదని, తాబేళ్లు ఆ వాసనకు మోసపోతయని 2020ల పరిశోధన అచ్చయిందట. రికార్డుల ఈ మాట లేదు గానీ, ఉన్నంతల మంచిగ చెప్పిన్రు. నేను చుట్టూ చూసిన. ఇరవై మంది పిలగాండ్లు నోర్లు తెరుచుకొని వింటున్నరు. బడిల గింత శ్రద్ధగ వినరు. ఆ సొరంగంల ఏం చెప్పినా ఎక్కుతది. అంత మంచి జాగ వాళ్ల చేతుల ఉన్నది.

సొరంగం దాటితే రెండు పక్కల స్టాళ్లు. ఇక్కడ సున్నా మొదలైతది.

ముందు డెకరేషన్. పగడపు దిబ్బలని చెప్పి థర్మాకోల్ కోసి రంగులేసి పెట్టిన్రు. నేను కూడా పెండ్లి స్టేజీలకు థర్మాకోల్ నెమళ్లు, కలశాలు ఏండ్లకేండ్లు పెట్టినోన్నే. 2022 జులై 1 నుంచి దేశమంతట కొన్ని ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను బంద్ పెట్టిన్రు, ఆ జాబితాల అలంకరణ థర్మాకోల్ కూడా ఉన్నది. అప్పటిసంది నేను గుడ్డ, పూలు, వెదురుకు మారిన. పని రెండింతలు, పైసలు మాత్రం అవే. అందుకే ఇక్కడ థర్మాకోల్ సముద్రం చూస్తే నాకు కొంచెం కడుపు మండింది, దాచుకునుడెందుకు. గాలిబుగ్గల ప్లాస్టిక్ పుల్లలు, పీచుమిఠాయి ప్లాస్టిక్ పుల్లలు, జ్యూస్ స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, ఇవన్ని కూడా అదే జాబితాల ఉన్నయి. ఇవన్ని కూడా అక్కడ ఉన్నయి. మా చిన్నది వేళ్లు మడిచి లెక్కబెట్టుకుంట నడిచింది, నేను పీచుమిఠాయి కొనియ్యకపోతే అలిగింది కూడా. రెండూ ఒక్క పిల్లనే.

నీళ్ల సీసా మాత్రం ఆ జాబితాల లేదు. అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. చట్టం ఆపని వస్తువును ఆపాలంటే ఆ జాగ నడిపేటోళ్లే ఆపాలె.

అవ్వ కాళ్లు గుంజుతున్నయంటే చెత్త డబ్బా పక్క బెంచీ మీద కూసున్నం. వేరే ఖాళీ లేదు. మా ఆవిడ, బిడ్డ జాయింట్ వీల్ కాడికి పోయిన్రు. నాకు పనేం లేదు, లెక్కబెట్టిన. అరగంటల ఆ ఒక్క డబ్బాల 64 నీళ్ల సీసాలు పడ్డయి. అండ్ల పదిహేనిట్లనో ఇరవైట్లనో నీళ్లు ఇంకా ఉన్నయి. చిప్స్ ప్యాకెట్లు లెక్కకు దొరకలే. సీసాలనైతే పాత సామాన్లోళ్లు ఏరుకపోతరు, వాటికి రేటున్నది. లోపల వెండి తీరు మెరిసే ప్యాకెట్లను ఎవలూ ముట్టరు. అవి గాలికి లేస్తయి, మోరీల పడ్తయి. వానకాలం మన హన్మకొండల నయీంనగర్ నాలా చెత్తతోని ఎట్లుంటదో కొత్తగ చెప్పాల్నా.

ఛాయ్ పేపర్ గ్లాసుల ఇచ్చిన్రు. "ఇది కాయితమే కదా" అని మా ఆవిడ. కాదు. నీళ్లు కారకుండ లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటది. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020ల పరీక్ష చేసిన్రు. వేడి వేడి నీళ్లు 100 మిల్లీలీటర్లు అండ్ల పోసి 15 నిమిషాలు ఉంచితే ఇరవై ఐదు వేల దాక సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీళ్లల్ల కలిసినయట. ఇది తెలిసి కూడా మా టెంట్ హౌజ్ల పేపర్ గ్లాసుల కట్టలు ఉన్నయి, అడిగినోళ్లకు అమ్ముతున్న. నేనేం సుద్దపూసను కాదు.

అట్లని ప్లాస్టిక్ అంటేనే మంటపెట్టాలె అనేటోన్ని కూడా కాదు. ఆ సొరంగం గోడ అద్దం కాదు, యాక్రిలిక్, అది ప్లాస్టికే. అది లేకుంటే నెత్తి మీద చేపలు తిరగవు. మా గోదాంల ప్లాస్టిక్ కుర్చీలు పదిహేనేండ్లవి ఉన్నయి, ఒక్కోటి ఎన్ని పెండ్లిళ్లు చూసిందో. గొంతు తడుపుకొని ఐదు నిమిషాలల్ల పారేసే సీసా తోనే నా పంచాయితి.

పోంగ పోంగ ఆఫీసు టెంట్ కాడ ఆగి మేనేజర్‌తోని మాట్లాడిన. మా ఆవిడ "నీకెందుకయ్యా" అంటనే ఉన్నది. ఆ పిలగాడు మంచోడే, కుర్చీ వేసిండు. "అన్నా, నీళ్ల స్టాలు ఒకాయన సీజన్ మొత్తానికి గుత్తకు తీసుకున్నడు. బయటి నీళ్లు రానిస్తే ఆయన నా మీద పడ్తడు. నేనేం చెయ్యాలె?" అన్నడు. అప్పుడు నాకు గేటు కాడి సంగతి సమజైంది. స్టీలు సీసాను ఆపింది సెక్యూరిటీ పిలగాడు కాదు, గుత్త కాయితం. ఫ్లెక్సీ ఒకలు రాయించిన్రు, గుత్త ఒకలు రాయించిన్రు, ఇద్దరూ ఒకల మొఖం ఒకలు చూసుకోలే.

అక్కడనే కూసొని ఆయనకు లెక్క చెప్పిన. మా దిక్కు ఇరవై లీటర్ల క్యాన్ 20 రూపాయలు, అంటే లీటరు రూపాయి. మూడు వందల స్టీలు గ్లాసులు నేనిస్త, రోజుకు గ్లాసుకు రూపాయి కిరాయి, మూడు వందలు. కడిగేటోళ్లు ఇద్దరు, మనిషికి ఆరు వందల చొప్పున 1,200. నలభై క్యాన్లు, 800. అంతా కలిపి రోజుకు 2,300 ఖర్చు. నలభై క్యాన్లంటే పావు లీటరు గ్లాసులు 3,200. గ్లాసు రెండు రూపాయలకు అమ్మినా 6,400 వస్తయి. నష్టం లేదు. సీసాల మీద వచ్చినంత లాభం రాదు, అది కూడా చెప్పిన. సీసాకు సగానికి సగం మిగుల్తది, వ్యాపారం చేసేటోనికి అది తెల్వదా.

"గ్లాసులు ఎత్తుకపోతరు కదన్నా" అన్నడు. ఇది నా సబ్జెక్టు. పెండ్లికి 500 గ్లాసులు పంపితే 480 వాపస్ వస్తయి. చుట్టాలు చెడ్డోళ్లని కాదు, గ్లాసు అడిగేటోడు లేడు కాబట్టి పోతయి. అదే గ్లాసు మీద ఇరవై రూపాయల డిపాజిట్ పెట్టు, ఒక్కటి పోదు. పోయినా నీకు నష్టం లేదు. ఊటీ పోయినప్పుడు చూసిన నేను. నీలగిరి జిల్లాల 2022 నుంచి ప్రభుత్వ బ్రాందీ దుకాణాలల్ల సీసా మీద పది రూపాయలు ఎక్కువ తీసుకుంటరు, ఖాళీ సీసా తెస్తే ఆ పది వాపస్ ఇస్తరు. అడవిల సీసాలు పగిలి ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నయని మద్రాసు హైకోర్టు చెప్తే మొదలుపెట్టిన్రు. తాగి తూలుకుంట కూడా సీసా భద్రంగ పట్టుకొచ్చి పది రూపాయలు తీసుకపోయినోన్ని నా కండ్లతోని చూసిన. తమిళనాడు, కర్ణాటక దిక్కు కొన్ని జూలల్ల గేటు కాడనే మీ సీసా మీద స్టిక్కర్ అతికిచ్చి పైసలు జమ చేసుకుంటరు, బయటికి పోయేటప్పుడు సీసా చూపిస్తే ఇచ్చేస్తరు. అక్కడ సీసాను లోపలికి రానిస్తరు, సీసా బయటికి పోయిందా లేదా అన్నదే చూస్తరు. వీళ్లకు ఆ ఒక్క స్టిక్కర్ వస్తే చాలు.

జూ అంటే యాదికొచ్చింది. మన హంటర్ రోడ్డు జూ 1985ల పెట్టిన్రు, అవ్వ నన్ను బడి సెలవులల్ల తోలుకపోయేది. జింకల కాడ నిలబడితే కదలకపోయేటోన్ని. జపాన్‌ల నారా అని ఊరున్నది, అక్కడ జింకలు మనుషుల నడుమ తిరుగుతయి, జనం బిస్కెట్లు పెడ్తరు. 2019ల వరుసగ చచ్చిన 14 జింకల పొట్టలు చూస్తే 9 జింకల పొట్టలల్ల కవర్లున్నయి. ఒక దాంట్ల 4.3 కిలోలు. బిస్కెట్ వాసన పట్టిన కవరును అవి తిండే అనుకుంటయి. నెమరేసే పశువు కడుపుల కవరు పడితే బయటికి రాదు, ముద్దలు కట్టి ఆడనే ఉంటది, కడుపు నిండినట్టుండి గడ్డి తినదు. ఇది చెప్తే అవ్వ, "మన పెద్ద బర్రె అట్లనే పాయె కదరా" అన్నది. పరకాల దిక్కు మా ఊర్ల, నేను ఇంటర్ చదివేటప్పుడు. నాకు యాది లేదు. ఆమెకు బర్రె పేరు సుత యాదున్నది.

రాత్రి అన్నం తిన్నంక మా చిన్నది ఇంకోటి చూపించింది. అమెరికాల 2017 జులైల 19 అక్వేరియంలు ఒక్క మాట మీదికి వచ్చినయట. మాంటెరే బే, షికాగోల షెడ్, బాల్టిమోర్ల నేషనల్ అక్వేరియం, ఇవన్ని అండ్ల ఉన్నయి. తమ దగ్గర ప్లాస్టిక్ స్ట్రాలు, క్యారీ బ్యాగులు బంద్ చేసిన్రు, 2020 ఆఖరు వరకు ప్లాస్టిక్ సీసాలను బాగ తగ్గిస్తమని, లేకుంటే పూర్తిగ తీసేస్తమని చెప్పిన్రు. నాకు అండ్ల నచ్చిందేందంటే, ముందు తమ క్యాంటీన్ సర్దుకొని తర్వాత జనానికి చెప్పుడు. ఒక్క పెద్ద క్యాంటీన్ సామాను మారిస్తే, దానికి సరుకు ఇచ్చేటోడు కూడా మారాల్సిందే. నేను కాయితం సంచిల బెల్లం అడిగితే కిరాణం సేటు నవ్వుతడు. వంద పెండ్లిళ్లకు సామాను పోయే ఫంక్షన్ హాల్ ఓనరు అడిగితే రేపటికల్లా తెప్పిస్తడు. అట్లాంటిది ఇది.

సిద్దిపేట దిక్కు స్టీలు బ్యాంకులని పెట్టుకున్నరు, దావతులకు స్టీలు సామాను ఇస్తరు. మొదట విన్నప్పుడు నా గిరాకీ పోతదని భయమైంది. తర్వాత నవ్వుకున్న, ఎందుకంటే నా గిరాకీని ఇదివరకే థర్మాకోల్ పళ్లెం తిన్నది. అంతకు ముందు అవ్వోళ్ల గిరాకీని స్టీలు పళ్లెం తిన్నది. అవ్వ మోదుగు ఆకులతోని ఇస్తర్లు కుట్టేది. ఎండకాలం పొద్దుగాల పోయి ఆకు తెంపుకొచ్చి, నీడకు ఆరబెట్టి, సన్న పుల్లలతోని గుచ్చి, నూరు ఇస్తర్లకు ఒక కట్ట. ఎగ్జిబిషన్ల మిర్చి బజ్జీ ప్లాస్టిక్ పళ్లెంల ఇస్తే, ఆమె బజ్జీ చేతుల పట్టుకొని పళ్లెం వాపస్ ఇచ్చింది. ఆయన మల్ల దాన్నే ఇంకొకలకు ఇయ్యబోతే, "తుడువు బిడ్డా" అన్నది.

మేనేజర్ నా లెక్కంత విని, నంబర్ రాసుకున్నడు. ఫోన్ రాలే. రాదని నాకు తెలుసు, గుత్త ఇంకా ఇరవై రోజులున్నది. కానీ గేటు బయట చెరుకు రసం బండాయన నా మాటలు విన్నడో ఏమో, రెండో రోజు మా దుకాణానికి వచ్చి అరవై స్టీలు గ్లాసులు కిరాయికి తీసుకపోయిండు. ప్లాస్టిక్ గ్లాసులు కొనే ఖర్చు కంటే తక్కువ పడ్తదని ఆయన లెక్క. సముద్రం గురించి ఆయన ఒక్క మాట అనలే. పది రోజులైంది, నాలుగు గ్లాసులు పోయినయి. నేను రెండింటికే పైసలు పట్టుకున్న.

ఇగ పోయేటోళ్లకు. ఆదివారం పోకండి, మంగళ బుధవారాలు ఖాళీ. సాయంత్రం ఐదుకు ముందు లోపల పడితే లైన్ ఉండదు. బండి పార్కింగ్ 20 రూపాయలు, చీటీ అడిగి తీసుకోండి. బజ్జీలు కారం, జిలేబీ బాగున్నది. రసం మాత్రం బయట బండి మీద తాగండి, గ్లాసు మాదే. స్టీలు సీసా సంచి అడుగున పెట్టి పైన తువ్వాల కప్పండి. మొన్న బుధవారం మల్ల పోయినప్పుడు అవ్వ అట్లనే తీసుకపోయింది. ఆ సెక్యూరిటీ పిలగాడే సంచి తెరిచి చూసిండు, తువ్వాల లేపలే.